పెరిగిన 60 సెంట్లు

మిరప కోతల రోజుల్లో గురజాల వైపు నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరే, కంప్యూటర్ల గురించి రాస్తుంటావు కదా, మా చేను పెరిగిందిరా!" అన్నాడు.

సంగతేమిటంటే, ఆ సర్వే నంబరు మొత్తం 4 ఎకరాల 20 సెంట్లు. ముగ్గురు అన్నదమ్ములకు తలా 1 ఎకరం 40 సెంట్లు. పెద్దాయన 60 సెంట్లు అమ్మాడు. కొన్నవారి ఖాతాలో 60 ఎక్కింది, అమ్మినాయన ఖాతాలో తగ్గలేదు. మొత్తం 4.80 అయింది. నేల సాగదు కదా! నడిపివాడైన మా బాబాయి పంట రుణానికి వెళితే కాగితాలు పక్కన పెట్టేశారు. తప్పు ఆయనది కాదు, తిరగడం మాత్రం ఆయన వంతు.

"ఆ మిషనుకు కూడికలు రావా?" అని ఆయన కోపం. వస్తాయి బాబాయ్, కూడమని ఎవరో ఒకరు చెప్పాలి.

'వాటాల మొత్తం సర్వే నంబరు విస్తీర్ణాన్ని మించకూడదు' అన్న నియమాన్ని డేటాబేస్‌కు ముందే నేర్పవచ్చు. తర్కం మీద నడిచే డేటాబేస్‌లయితే వివరాలతోపాటు సూత్రాలనూ దాచుకుంటాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చింది. 'మండలం ఏ జిల్లాదో ఊరూ ఆ జిల్లాదే' అన్న సూత్రం ఉంటే, మండలం దగ్గర ఒక్క మాట మారిస్తే చాలు. దాని ఊళ్లన్నీ వాటంతటవే గుంటూరు నుంచి పల్నాడుకు వచ్చేస్తాయి.

చిక్కల్లా తనిఖీతోనే. ఒక్క ఎంట్రీకి ఊరంతా కూడుతూ కూర్చుంటే క్యూ మాచర్ల దాకా పోతుంది. 1982లో ఫ్రాన్స్ పరిశోధకుడు జాన్ మరీ నికొలా దారి చూపించాడు. మార్పు తాకిన చోటే చూడమన్నాడు. ఒక పేరు కొట్టేస్తే మొత్తం తగ్గుతుందే గానీ మించదు, కాబట్టి ఈ నియమాన్ని కదపక్కర్లేదు. పేరు చేరిస్తే ఆ ఒక్క సర్వే నంబరునే కూడితే సరి. సూత్రాలున్నచోట పని కాస్త పెరుగుతుంది, మార్చిన మాట నుంచి కొత్తగా పుట్టే మాటల్నీ చూడాలి.

అయితే దీనికో షరతుంది. నిన్నటిదాకా లెక్క సరిగ్గా ఉండి ఉండాలి. మన పాత పుస్తకాల సంగతి మీకు తెలియనిదా? రేపు చిన్న బాబాయి 20 సెంట్లు అమ్మాడనుకోండి. ఇటు తగ్గి అటు పెరుగుతుంది, మొత్తం మారదు. తెలివైన తనిఖీ 'సరే' అనేసి వెళ్లిపోతుంది. 4.80 మాత్రం అలాగే కూర్చుంటుంది! అందుకే పాత లెక్కల్ని కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు ఒక్కసారైనా ఊరంతా కూడాల్సిందే, నెల పట్టినా సరే.

బాబాయి మళ్లీ అర్జీ పెట్టాడు. ఈసారి ఆ సర్వే నంబరులోని వాటాలన్నీ తనే కూడి, చీటీ మీద రాసి, అర్జీకి జతచేశాడు.