భీం కథ కావాలి, గోండుల చదువు వద్దా?

మా అక్క కూతురు ఉస్మానియాలో సోషియాలజీ ఎం.ఏ. చేసింది. నార్వేలోని ట్రామ్సో నగరంలో, ఆర్కిటిక్ విశ్వవిద్యాలయంలో ఆదివాసీ అధ్యయనాల్లో మాస్టర్స్ చేస్తానని పోయిన వేసవిలో ఇంట్లో చెప్పింది. రెండేళ్ల కోర్సు, ఇంగ్లీషులో బోధన, దేశదేశాల విద్యార్థులు. జూబ్లీహిల్స్‌లో ఒక కన్సల్టెన్సీకి నేనే తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు కోర్సు పేరు రెండుసార్లు చదువుకుని, "సార్, దీంట్లో జాబ్ ఏముంటుంది? డేటా సైన్స్‌కి మార్చేద్దాం" అన్నాడు. సాయంత్రం ఫిల్మ్‌నగర్‌లో మా కథా చర్చల గదిలో ఈ సంగతి చెబితే అందరూ నవ్వారు. "గోండుల గురించి చదవడానికి నార్వే దాకా ఎందుకయ్యా? ఆదిలాబాద్ బస్సెక్కితే చాలదూ?"

అదే వారం, అదే గదిలో ఒక అడవి కథ నడుస్తోంది. పదిహేడేళ్లుగా ఇక్కడ కథలు, మాటలు రాస్తున్నాను. ఆ రోజు కూర్చున్న ఏడుగురిలో ఒక్కరికీ గోండీలో ఒక్క వాక్యం రాదు, నాకూ రాదు. గూడెం సీను అనగానే మా చేతికొచ్చేవి ఈకలు, పూసలు, డప్పు, మంట చుట్టూ కోరస్. కోయలైనా చెంచులైనా సవరలైనా అవే బట్టలు, అదే వచ్చీరాని తెలుగు. ఆ మనుషుల కథ రాసి డబ్బు తీసుకుంటాం. వాళ్ల గురించి శ్రద్ధగా చదువుకుంటానన్న పిల్లను చూసి నవ్వుతాం. ఆ నవ్వు నాకు గొంతులో ముల్లులా దిగింది.

2022 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. భీంను కొరడాతో కొడుతుంటే థియేటర్లో నేనూ ఏడ్చాను. కథ కల్పితమని ముందే చెప్పారు, కల్పించే హక్కు దర్శకుడికి ఉంది. కానీ ముగింపు గుర్తు చేసుకోండి. ఏం కావాలో అడగమంటే భీం తన వాళ్లకు చదువు అడుగుతాడు. అసలు గోండు వీరుడు కొమురం భీం గురించి తరతరాలుగా చెప్పుకునే జీవితకథ వేరు. ఊరు విడిచి పారిపోయిన రోజుల్లో విఠోబా అనే ప్రెస్సు యజమాని దగ్గర చదవడం, రాయడం నేర్చుకున్నాడు. అస్సాం తేయాకు తోటల్లో కూలికి పోయాడు. తిరిగొచ్చి జల్, జంగల్, జమీన్ అని జనాన్ని కూడగట్టాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. చదువు నేర్చుకుని వచ్చి భూమి హక్కు అడిగిన మనిషిని, ఇంకొకరి చేతి నుంచి అక్షరం అందుకునే మనిషిగా మార్చాం. ఒక్క దర్శకుడిని నిందించి చేతులు దులుపుకుంటే కుదరదు. మన బుర్రల్లో ఆదివాసి ఎప్పుడూ పుచ్చుకునేవాడే. అల్లూరి మీద 1974లోనే గొప్ప సినిమా తీసుకున్నాం. ఆయన పక్కన నిలబడి పోరాడిన ఆదివాసీ గాం మల్లుదొర యావజ్జీవ శిక్ష పడి జైల్లో మగ్గి, బయటికొచ్చి, విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఇంతకంటే కథ ఏం కావాలి? ఈ పదిహేడేళ్లలో నేను కూర్చున్న ఏ చర్చలోనూ ఆయన పేరు రాలేదు.

ఇక బస్సు సంగతి. బస్సెక్కితే గూడెం కంటికి కనబడుతుంది, అంతే. అర్థం కావాలంటే అక్కడ ఉండి నేర్చుకోవాలి. జోడేఘాట్ కాల్పుల తర్వాత గోండుల కష్టాలేమిటో తెలుసుకోమని నిజాం సర్కారు హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. వియన్నాలో పుట్టిన మనిషి. యుద్ధకాలంలో శత్రుదేశీయుడిగా లెక్కగట్టి హైదరాబాద్ రాజ్యం దాటనివ్వలేదు. ఆయన మార్లవాయి అనే గోండు గూడెంలో కాపురముండి గోండీ నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. భార్య బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయి మట్టిలోనే సమాధి చేశారు. ఆ దంపతులను గోండులు ఇవాళ్టికీ తలచుకుంటారు. అయినా ఆయన సర్కారు పంపిన మనిషి, ఆయన పుస్తకాలు ఇంగ్లీషు చదివేవాళ్ల కోసం రాసినవి. మా పిల్ల చదవాలనుకుంటున్నది ఆ తర్వాతి మెట్టు. ప్రశ్న ఎవరు వేస్తున్నారు, ఎవరి అనుమతితో వేస్తున్నారు, వచ్చిన జవాబు ఎవరి గడపకు చేరుతుంది? న్యూజీలాండ్ మావోరీ పండితురాలు లిండా తుహివై స్మిత్ 1999లో ఇలాంటి ప్రశ్నల మీదే ఒక పుస్తకం రాసింది. ట్రామ్సోలో ఈ చదువు ఉత్తర యూరప్ ఆదివాసులైన సామీల గడ్డ మీద, వాళ్ల చరిత్ర మధ్య సాగుతుంది. నార్వేలోని ఆల్టా నది మీద ఆనకట్ట వద్దని సామీలు నిరాహారదీక్షలు చేశారు. ఆనకట్ట ఆగలేదు, కానీ ఆ పోరాటం ఫలంగా 1989లో నార్వే సామీలకు సొంత పార్లమెంటు వచ్చింది. పోలవరం నీళ్లలో కోయ, కొండరెడ్డి గూడేలు మునుగుతుంటే చూస్తున్న మనకు ఆ చరిత్ర అక్కర్లేదా?

మా సినిమావాళ్లు తప్పక వినాల్సింది ఇంకొకటి ఉంది. సామీల సంస్కృతిని వాడుకున్న 'ఫ్రోజెన్ 2' కార్టూన్ సినిమా కోసం డిస్నీ 2019లో సామీ పార్లమెంట్లతో, సామీ కౌన్సిల్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది. సామీ నిపుణులు కూర్చుని సలహాలిచ్చారు. సినిమా ఉత్తర సామీ భాషలో కూడా విడుదలైంది. ఆ భాష మాట్లాడేవాళ్లు కొన్ని వేలమంది. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవాళ్లు 29 లక్షల పైచిలుకు. భీం సినిమా హిందీలో, తమిళంలో, కన్నడంలో, మలయాళంలో వచ్చింది. భీం తల్లి మాట్లాడిన భాషలో రాలేదు.

డబ్బు దగ్గరికి వద్దాం. నార్వేలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల చదువు ఒకప్పుడు అందరికీ ఉచితం. 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థులు ఫీజు కట్టాలి. ఇల్లు తాకట్టు పెట్టయినా మా పిల్లను మేం పంపగలం. ఉట్నూరు నుంచి వచ్చే గోండు అమ్మాయి ఏం తాకట్టు పెట్టాలి? దేశంలో పది కోట్ల మంది గిరిజనులుంటే, విదేశీ చదువుకు కేంద్రం వాళ్లకిచ్చే ఉపకారవేతనాలు ఏడాదికి 20. దళితులకు, సంచార జాతులకు ఇచ్చే పథకంలోనైతే భారతీయ సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధనకు డబ్బివ్వబోమని 2022లో నిబంధన రాశారు. అంటే విదేశం వెళ్లు, కానీ నీ బతుకు గురించి అక్కడ చదవకు అని సర్కారే చెబుతోంది. దీన్ని నేను అన్యాయం అంటాను. ఇక్కడే చదువుకుందామన్నా, 2014 విభజన చట్టంలో హామీ ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయానికి ములుగులో ప్రాణం పోసే చట్టం రావడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది.

సర్కారును అడుగుతూనే ఉంటాను. ముందు నా పరిశ్రమను అడుగుతున్నాను. మన పక్క కొండకు బంజారాల పేరుంది, వాళ్ల తండాలు లేవు. కథల విషయంలోనూ మనం చేస్తున్నది అదే. ఆదివాసీ కథతో సినిమా తీసే నిర్మాతలారా, ఒక్క పాట సెట్టుకయ్యే ఖర్చుతో ఎంతమంది గోండు, కోయ, చెంచు పిల్లలు ట్రామ్సోలోనో న్యూజీలాండ్‌లోనో రెండేళ్లు చదువుకోగలరో లెక్క వేయండి. వాళ్లు తిరిగొచ్చాక కథ మొదలైన రోజునే పిలవండి, జీతమివ్వండి, తెర మీద పేరు వేయండి. వాళ్లు కాదన్న సీను తీసేయండి.

మా అక్క కూతురు దరఖాస్తు పంపించేసింది. జవాబు వచ్చేలోపు ఆదిలాబాద్ జిల్లా గుంజాల వెళ్లి, అక్కడ రాతప్రతుల్లో దొరికిన గోండీ లిపి నేర్చుకుంటానంటోంది. ఆ అక్షరాలు 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కాయి. మా గదిలో ఆ అడవి కథ ఇంకా నడుస్తూనే ఉంది. గోండు మనిషి ఒకరు పక్కన కూర్చుని, చదివి, సరేననేదాకా ఒక్క డైలాగ్ కూడా రాయనని నిన్న నిర్మాతకు చెప్పాను. అడ్వాన్సు తిరిగిచ్చేశాను.