గానవినోదము: టాక్ టాక్ వారి కడపటి రికార్డు

ఈ మాసమున మీకు పరిచయము చేయదలచిన రికార్డు పెండ్లివారింట పెట్టదగినది కాదు. ఇంటిలో నందఱును నిద్రించిన పిమ్మట, దీపము తగ్గించుకొని వినవలసినది. పేరు "లాఫింగ్ స్టాక్", అనగా నవ్వులపాలైనవాడు. లండను నగరపు రాక్ బృందమగు "టాక్ టాక్" వారి కడపటి ఆల్బమిది. 1991వ సంవత్సరము సెప్టెంబరులో వెలువడినది.

1984, 1986 సంవత్సరములలో వచ్చిన వీరి రికార్డులు ఐరోపాలో చక్కగా చెల్లినవి. అవి కాలు కదపించు పాటలు. పిదప 1988లో "స్పిరిట్ ఆఫ్ ఈడెన్" అను రికార్డుతో వీరు త్రోవ మార్చిరి. అది వ్యాపారమునకు పనికిరాదని ఇ.ఎం.ఐ. కంపెనీ వ్యాజ్యమాడెను గాని నెగ్గలేదు. బృందము వేఱొక కంపెనీకి మాఱినది.

ఈ రికార్డు తయారైన తీరు వినుడు. 1990 సెప్టెంబరు మొదలు సుమారు ఏడు మాసములు వెసెక్స్ స్టూడియోలో పని సాగినది. కిటికీలు మూసి, గడియారములు తీసివేసి, పగలో రేయియో తెలియని మసక వెలుతురులో వాయించిరి. ఏబదిమంది వాద్యకారులను పిలిపించి, మనోధర్మము ననుసరించి వాయింపుడనిరి. అందు మిగిలినది పదునెనిమిదిమంది వాద్యము మాత్రమే! తక్కినదంతయు, బియ్యమును చేటతో చెరిగినట్లు, చెరిగి పాఱవేసిరి. గంటలకొలది శ్రమపడి వాయించినవారి మనస్సెట్లుండెనో!

మిగిలినవి ఆఱు పాటలు, నలుబదిమూడు నిమిషములు. మొదటి పాటకు ముందు యంత్రపు సన్నని బుస తప్ప ఏమియు వినరాదు. రెండవ పాట నడుచుచుండగనే కత్తిరించినట్లు ఆగిపోవును. మా యింట విన్నవారొకరు రికార్డు చెడిపోయినదనిరి.

గాయకుడు మార్క్ హోలిస్. కారణము లేనిదే ఒక్క స్వరమైనను వాయింపరాదని ఆతని నియమము. ఈ రికార్డుతో బృందము ముగిసినది. 1998లో తన పేరిట నొక రికార్డు వెలువరించి, పిమ్మట మఱియొకటి చేయలేదు. ఊరూర కచేరీలకు తిరుగుచు మంచి తండ్రిగా నుండుట తనకు సాధ్యము కాదని చెప్పి, యింటిపట్టున నుండెను. 2019 ఫిబ్రవరిలో మరణించెను.

పిల్లలకొఱకు కీర్తిని వదలుకొనినాడని లోక మాతనిని కొనియాడుచున్నది. కొనియాడదగినదే. కాని మన యిండ్లలో, పెండ్లియైన మఱునాడే వీణకు ముసుగు వేసిన యువతు లెందఱు లేరు? వారినిగూర్చి పత్రికలు వ్రాయలేదు. ఆతడు తాను చెప్పదలచినది పూర్తిగా చెప్పి మానుకొనెను. వీరిచేత, వర్ణము దాటి కీర్తనకు రాకమునుపే మాన్పించిరి. ఈ రెంటిని ఒకే త్యాగమని పిలుచుట నాకు సమ్మతము కాదు. తన యింటి కోడలి కంఠమును మెచ్చుకొనుచునే, "ఇక నెందుకమ్మా" అను అత్తగారు ఈ రికార్డును మెచ్చుకొనినను నేను సంతోషింపను.

క్రొత్తగా వినువారు అయిదవ పాటయగు "న్యూ గ్రాస్"తో మొదలిడుట మేలు. తొమ్మిది నిమిషములు పైబడిన పాట. లీ హారిస్ డ్రమ్ముల నడక అందు తొందరలేక, తడబడక సాగును. దానిపై పియానో, ఆర్గను ఒకటొకటిగా వచ్చి తొలగుచుండును. శబ్దము పెంచవలదు.