చుక్కలప్పుడు పాట వద్దు
బొమ్మ వేసేటప్పుడు పాట పెట్టుకోవచ్చా అన్న తగువు తేల్చడానికి నోవైలో సంక్రాంతి ముగ్గును మించిన పరీక్ష లేదు. మిషిగన్ జనవరిలో వాకిలంతా మంచే కాబట్టి ఇక్కడి ముగ్గు గరాజులోకో బేస్‌మెంట్‌లోకో దిగుతుంది. పక్కన బ్లూటూత్ స్పీకర్ మోగుతూనే ఉంటుంది. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. సరిగ్గా 11 దగ్గర నచ్చిన చరణం వస్తుంది, పెదవులు కదులుతాయి, లెక్క తప్పుతుంది. లెక్కా పాటా రెండూ మాటలతో నడిచేవే, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. గీతలు కలిపేసి రంగులు నింపడం మొదలయ్యాక కథ వేరు: చేతికి దారి తెలుసు, బొటనవేలి కింద నుంచి రంగు జారుతుంటుంది, నడుం నొప్పి మరిపించేది అప్పుడు పాటే. నాట్లు వేసే ఆడవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. మెహదీ హసన్ గజళ్లంటే చెవి కోసుకునే చిత్రకారుడు బాపుగారి పేరు చెప్పి, సంగీతం వింటే గీత అదే వస్తుందంటే మాత్రం నేనొప్పుకోను. ఆ గీత సాధనది. గజల్ తోడు కూర్చుందంతే. (ఆ గజళ్లే పెట్టుకున్నా ఆయన బుడుగును మనం వేస్తే ముక్కు తిన్నగా రాదు.) చేర్యాల పటాలు వేసే నకాషీ చిత్రకారులది మరీ తిరగేసిన వ్యవహారం: ముందు పటం, తర్వాత పాట. కథకులు ఊరూరా విప్పి పాడుకోవడానికే ఆ బొమ్మలు పుట్టాయి. కనుక ఆర్ట్ హోంవర్క్ చేస్తున్న పిల్లల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసే అమ్మానాన్నలకు నా సలహా: స్కెచ్ అయ్యేదాకా లాగండి. రంగుల దగ్గర తిరిగి ఇచ్చేయండి, ఆ పాట మీకు నచ్చకపోయినా సరే.