పందికి రైఫిలు కొనే ముందు

అడవిపందులు రాత్రికి రాత్రి వేరుశనగ తవ్విపోస్తుంటే రైఫిలు కొందామనిపించడం సహజమే. ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 బోరు బోల్ట్ రైఫిలు మొరటు వాడకానికి తట్టుకుంటుంది, కాదనం. కానీ గురి తప్పితే దాని గుండు గట్టు దగ్గర ఆగదు. పక్క చేలో మంచెమీద కాపలా ఉన్నవాడి దాకా పోతుంది.

1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపలాకు చెప్పింది మందు కూరే తుపాకీనే. అది చాలదంటేనే వేరే నున్నగొట్టం తుపాకీ. లైసెన్సున్నా పందిని కాల్చాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరే కావాలి.

ఆ డబ్బుతో ఇరుగుపొరుగు కలిసి సోలార్ కంచె వేసుకోండి. వేరుశనగ చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ విత్తండి. ముళ్లకు పంది జంకుతుంది. తీగకు మోటారు కరెంటు మాత్రం తగిలించకండి. అది పందినీ, మనిషినీ ఒకేలా చంపుతుంది.