ఖానాజంగీ: నెల్లూరు తారీఖ్ చెప్పే సబక్

అంతర్యుద్ధాన్ని ఉర్దూలో ఖానాజంగీ అంటారు. ఖానా అంటే ఇల్లు, జంగ్ అంటే యుద్ధం. నెల్లూరు తారీఖ్ చదివితే ఈ లఫ్జ్ ఎంత సరైందో తెలుస్తుంది.

1749లో అంబూరు దగ్గర ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ చనిపోయాడు. గద్దె కోసం చందాసాహెబ్ ఫ్రెంచివాళ్ల మదద్ తీసుకుంటే, నవాబు కొడుకు ముహమ్మద్ అలీ ఇంగ్లీషువాళ్లను పట్టుకున్నాడు. 1752లో చందాసాహెబ్ ఖతల్ అయ్యాడు. దుష్మన్ పోయాడు, జంగ్ మాత్రం ఆగలేదు. ఖాందాన్ లోపలికే వచ్చింది. తిరునల్వేలిలో అన్న మహఫూజ్ ఖాన్, నెల్లూరులో తమ్ముడు నజీబుల్లా ఖాన్ ముహమ్మద్ అలీకి ఎదురుతిరిగారు.

నెల్లూరు పెద్ద ఇలాకా కాదు. కానీ దక్షిణాన మద్రాసు ఇంగ్లీషువాళ్లది, ఉత్తరాన మచిలీపట్నం ఫ్రెంచివాళ్లది. రెండింటినీ కలిపే తీరం దారి నెల్లూరు దగ్గర పెన్నా దాటాలి. అందుకే ఈ చిన్న ఖిలాకు అంత కీమత్ వచ్చింది.

1757లో నవాబు తరఫున కర్నల్ ఫోర్డ్ ఫౌజుతో వచ్చి ఖిలాను ముట్టడించాడు. తీసుకోలేక వెనుదిరిగాడు. తర్వాత నజీబుల్లా ఫ్రెంచివాళ్లతో చేరాడు. 1759 ఫిబ్రవరిలో మద్రాసు ముట్టడిలో వాళ్లు ఓడిపోగానే, తన దగ్గరున్న ఫ్రెంచివాళ్లను చంపించి ఇంగ్లీషు పక్షానికి మారాడు. ఆ ఏప్రిల్‌లోనే ఫోర్డ్ మచిలీపట్నాన్నీ గెలిచాడు.

ఇంతకీ గెలిచిందెవరు? తమ్ముడికి నెల్లూరు హుకూమత్ దక్కింది, అన్నకు వాలాజా అనే ఖితాబ్ దక్కింది. జంగ్ ఖర్చు మాత్రం కర్జ్‌గా పెరిగింది. ఆ కర్జ్ కింద జిల్లాల ఆమ్‌దనీ కంపెనీ చేతికి పోయింది. 1801లో కర్ణాటక హుకూమత్ మొత్తం పోయింది, నెల్లూరుతో సహా.

దీన్ని ఫిరంగీల మక్కారీ అని మనం సులువుగా చెప్పేస్తాం. అది సగం నిజమే. వాళ్లను అన్నదమ్ముల మధ్యకు పిలిచింది అన్నదమ్ములే. అన్న మషోరాకు కూర్చోకుండా ఫౌజును పంపాడు. తమ్ముడు తన చేతిలో ఉన్న దారిని సులహ్ కోసం వాడకుండా, గాలి ఎటు వీస్తే అటు అమ్ముకున్నాడు.

నేడు మన ఇళ్లలో ఖిలాలు లేవు. విరాసత్‌లో వచ్చిన రెండు గదులుంటాయి, చెల్లెలికి ఇవ్వని హిస్సా ఉంటుంది, మసీదు కమిటీలో ఒక కుర్సీ ఉంటుంది. వాటి కోసం ఒకరు ఒక లీడర్ దగ్గరికి, ఇంకొకరు అతని ముఖాలిఫ్ దగ్గరికి పరుగెడతారు. హక్ అడగడం తప్పు కాదు, జులుం జరిగితే అదాలత్‌కు పోవడమూ తప్పు కాదు. కానీ ముందు బుజుర్గులను కూర్చోబెట్టి, హిసాబ్ అందరి ముందు పెట్టి, ఒకసారి మాట్లాడుకుందాం. బయటివాడి మదద్ ఎప్పుడూ ముఫ్త్‌గా రాదు. దాని బిల్లు మన ఔలాద్ కడతారు.