పిల్లల పెంపకానికీ కాలేజీయా?

“మా అమ్మమ్మ తొమ్మండుగురిని పెంచింది, ఏ కాలేజీలో చదివి?” అని మన సంఘంలో పెద్దలొకరు అడిగారు. ఆ తొమ్మండుగురిలో యెందరు దక్కారో కూడా సెలవిస్తే బాగుండేది.

మన కోయంబత్తూరులో అవినాశిలింగం గృహవిజ్ఞాన కళాశాల 1957లోనే వెలిసింది. బరోడా విశ్వవిద్యాలయంలోనైతే మానవ వికాసానికీ, కుటుంబ అధ్యయనానికీ ఒక శాఖే వున్నది. ఇది వంటా కుట్టూ నేర్పే చదువు కాదు. గర్భస్థ శిశువు మొదలు వృద్ధాప్యం దాకా మనిషి యెదుగుదలే పాఠం. విద్యార్థినులు శిశువిహారంలో ఒక మూల కూర్చుని, ఏ బిడ్డ ఏమి చేసిందో చూసినది చూసినట్టు వ్రాయాలి. “అల్లరివాడు” అని వ్రాస్తే ఒప్పరు. వాడేమి చేశాడో వ్రాయమంటారు. మా ఆఫీసు ఫైళ్ళకు కూడా ఈ నియమం పెడితే యెంత బాగుండును!

మనబోటి వారికి ముఖ్యమైన సంగతి మరొకటి. ఇంట తెలుగు, వీధిలో తమిళం వినే బిడ్డ రెండూ కలిపి మాట్లాడితే అది మందబుద్ధి కాదు, రెండు భాషలు నేర్చేవారికి సహజమేనని ఈ శాస్త్రం చెబుతుంది. బడి కోసమని ఇంట్లో తెలుగు మాన్పించే తల్లులు ఈ మాట కాస్త వినాలి.

ఉద్యోగాలంటారా? 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలోనూ, నర్సరీ బడుల్లోనూ వున్నవి. ఇంజనీరు జీతం మాత్రం రాదు. మా మేనకోడలు దరఖాస్తు తెచ్చుకున్నది. బావగారి సంతకం ఇంకా పడలేదు.