భగ్గుమన్న మారియో

"పవర్-అప్‌ని తెలుగులో ఏమంటారు?" అని మీ పిల్లలు అడిగారా? ఇంకా అడగకపోతే త్వరలో అడుగుతారు. పెండిల్ హిల్ పిల్లల స్కూలు బ్యాగుల్లో ఇప్పుడు మారియో మాంగా కూడా ఉంటోంది. జపాన్‌లో యుకియో సవాడా 1990లో మొదలుపెట్టిన 'సూపర్ మారియో-కున్' కథల్లో కొన్నిటిని ఏరి 2020లో ఇంగ్లీషులో వేశారు. ఈ నెల మన పాఠం మారియో నిప్పుపువ్వు ముట్టుకునే ఘట్టం.

ఆట తెలియని పెద్దల కోసం రెండు మాటలు. 1985లో వచ్చిన మొదటి ఆటలో మారియో చిన్నగా ఉంటే పెట్టెలోంచి పుట్టగొడుగు వస్తుంది. అది తీసుకుని పెద్దవాడైతే, తరువాతి పెట్టెలో పువ్వు వస్తుంది. పువ్వు ముట్టుకోగానే ఎర్రటోపీ తెల్లబడుతుంది, చేతిలోంచి నిప్పుముద్దలు వస్తాయి. ఇక్కడ జాగ్రత్త! టోపీ 'తెల్లబడింది' అనవచ్చు. మారియో 'తెల్లబోయాడు' అంటే మాత్రం, ఏమీ తోచక నోరు తెరుచుకుని నిలబడ్డాడని అర్థం.

మరి అతన్ని ఏమని పిలుద్దాం? 'నిప్పు మారియో' అంటే నాకు నవ్వొస్తుంది. మనవాళ్లు 'ఆయన నిప్పులాంటి మనిషి' అంటే తప్పు చేయనివాడు అని. 'అగ్ని మారియో' బాగుంటుంది. 'మారియో అగ్నిరూపం దాల్చాడు' అంటే పురాణంలా గంభీరంగా ఉంటుంది. 'మారియో మారిపోయాడు' అంటే చిన్నపిల్లలు పడిపడి నవ్వుతారు, మాట కూడా గుర్తుంటుంది.

అసలు రుచి ఇంకోచోట ఉంది. మాంగా పేజీలు ఎక్కువగా నలుపు తెలుపులే. ఎరుపు కనబడదు, మంట చప్పుడు వినబడదు. అందుకే జపాన్ వాళ్లు బొమ్మ పక్కనే చప్పుడు రాస్తారు. మంట ఒక్కసారి లేస్తే 'బొ', ఆగకుండా మండుతుంటే 'మెరమెర'. ఇంగ్లీషులో దీనికి సరిపడే మాట వెతుక్కోవాలి. తెలుగులో వెతకక్కరలేదు. ఒక్కసారి లేస్తే 'భగ్గుమంది'. ఆగకుండా మండితే 'భగభగ మండుతోంది'. పద్ధతి గమనించండి: ఒక్కసారికి ఒక్క ముక్క, సాగేదానికి జంట ముక్క. ఎండుపుల్లలు 'చిటపట' అంటాయి. మంట తగ్గి ఎర్రగా మిగిలిన నిప్పులు 'కణకణ'లాడతాయి. వేలు తగిలితే 'చుర్రుమంటుంది'.

నాలాగా గుడి తరగతుల్లో తెలుగు నేర్చుకున్నవాళ్లకు ముందు వచ్చిన మాటలు అగ్ని, జ్యోతి, హారతి. అవి మంచి మాటలే, కానీ వాటితో పొయ్యి కూడా వెలిగించలేం! 1903 నుంచి మద్రాసులో ఓడెక్కి ఫీజీకి వచ్చినవాళ్లు 'భగ్గు'నూ 'చుర్రు'నూ పొయ్యి దగ్గరా చెరకు తోటలోనూ వాడారు. నిప్పు 'రాజుకుంది', 'అంటుకుంది', 'రగిలింది', 'చల్లారింది'. ఒక్కో మాటకు ఒక్కో దశ. పిల్లలకు తెలుగు దేవుడి ముందు మాత్రమే పలికే భాష అయితే ఈ మాటలన్నీ మన తరంతోనే పోతాయి. వాళ్లు ఆడుకునేది, కొట్లాడుకునేది, రాత్రి దుప్పటి కింద టార్చి పెట్టుకుని చదివేది వేరే భాషలో అయితే, మనం వారానికి ఒక గంట నేర్పేది ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇంకో మాట: 'తొక్కడం'. సువాలోని హావెల్ రోడ్ మారియమ్మ గుడిలో భక్తులు నిప్పులు తొక్కడం మీలో చాలామంది చూసే ఉంటారు. నియమంగా ఉపవాసాలుండి, అమ్మవారిని తలుచుకుని, కణకణలాడే నిప్పుల మీద నడుస్తారు. మారియో కూడా తొక్కుతాడు, కానీ శత్రువుల్ని. నిప్పును విసురుతాడు. అదే క్రియ, కర్మ మారింది. వ్యాకరణం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

చివరికి దెబ్బ తగులుతుంది. మొదటి ఆటలో అగ్ని మారియో ఒక్క దెబ్బకే మళ్లీ చిన్న మారియో అయిపోతాడు. పిల్లలు 'పవర్ పోయింది' అంటారు. 'మంట ఆరిపోయింది' అనిపించండి. దీపం సంగతి వేరు. దేవుడి దీపాన్ని 'ఆరిపోయింది' అనడం అశుభమని మన ఇళ్లలో 'కొండెక్కింది' అంటారు. మన ఊరికి ఇంగ్లండులోని లాంకషైర్ కొండ పేరు పెట్టారు. ఆ పేరులో 'పెన్' అంటే పాత భాషలో కొండ, దాని చివర కలిసిపోయినది కూడా కొండే, మళ్లీ 'హిల్' కూడా కొండే. మూడు కొండలున్న ఊళ్లో దీపం ఏ కొండెక్కిందో పిల్లల్ని అడగండి.

ఈ నెల ఇంటిపని: పిల్లల పుస్తకంలో మంట ఉన్న ఒక పేజీ తీయండి. మాటల బుడగలు కాగితంతో మూసేయండి. బొమ్మ చూస్తూ ఐదు వాక్యాలు తెలుగులో చెప్పించండి. 'భగ్గు', 'భగభగ', 'చుర్రు' మూడూ రావాలి. క్రియ తప్పితే మధ్యలో ఆపకండి, కథ పూర్తికానివ్వండి.